మేస్త్రీలు

రెసిఫే ఆసుపత్రి అడుగున నా గది.
కిటికీ లేదు. ఫ్యాను ఉంది.
మైనంలో పోసిన ఊపిరితిత్తుల ముక్కల్ని
ఉల్లిపొర కన్నా పల్చగా కోయడం నా ఉద్యోగం,
పంతొమ్మిదేళ్లుగా.

ఈ ముక్క లిండినాల్వాది.
యాభై రెండేళ్లు. చెరకు కొట్టేది.
చివరి ఏడాది
మంచం నుంచి పొయ్యి దాకా వెళ్లడానికి
దారి మధ్యలో ఒక కుర్చీ వేయించుకుంది.
ఆమెకి రాసిన మాత్ర పేరు చదివి
మందుల షాపు కుర్రాడు ముసిముసిగా నవ్వాడట,
మొగుడి కోసమా అని.
నా ఊపిరితిత్తుల నాళాలు సడలడానికి నాయనా, అంటే నమ్మలేదట.
అప్పుడామే నవ్వింది. నవ్వితే ఆయాసం.

ఇవన్నీ చెప్పింది జెనివాల్డో. ఆమె మొగుడు. మేస్త్రీ.
ఎవరు వద్దన్నా వినక మెట్లు దిగి వచ్చి
టోపీ రెండు చేతుల్తో పట్టుకుని
"లోపల ఏముందో చూడాలి" అన్నాడు.
రూలు ఒప్పుకోదు.
తలుపు వేసి, స్టూలు జరిపాను.

ఆ గులాబి రంగు మధ్యలో, ఇదిగో, గుడ్డు.
పక్కన ముల్లులా కొన కనపడుతోందా?
చిన్నప్పుడు కాలవలో దిగేదా ఆమె?
"అందరం దిగాం. ఉతికాం, ఈదాం, నత్తల్ని ఏరి ఆడుకున్నాం."
ఆ నత్తలోంచి నీళ్లలోకి, నీళ్లలోంచి కాలి చర్మంలోకి,
తిరిగి తిరిగి పేగుల పక్కన నరాల్లో
జంటలు జంటలుగా కాపురం పెట్టాయి పురుగులు.
గుడ్లు కాలేయంలో చేరాయి. అది గట్టిపడి దారి మూసుకుంది.
కొన్ని పక్కదారిన కొట్టుకొచ్చి
ఇక్కడ ఇరుక్కున్నాయి,
ఊపిరి దగ్గర.

చుట్టూ ఉన్నది వీళ్లు.
నెత్తుట్లో సన్నగా తిరిగేవాళ్లు, గోడ దాటి వచ్చి
ఒళ్లు పెంచి మాక్రోఫేజ్‌లయ్యారు.
ఏ బడిలోనూ నేర్వలేదు, పుట్టుకతోనే వచ్చు:
పరాయిది కనపడితే మింగు.
మింగుడు పడకపోతే చుట్టుముట్టు.
కేక వెయ్యి, ఇంకొకణ్ణి పిలు.
ఆ కేకలకి నాళం గోడ కూడా ఉలిక్కిపడి
పొర మీద పొర వేసుకుంటూ పోతుంది.
గుండె కుడివైపు తోస్తుంది, తోస్తుంది.

కంచే చేను మేసింది అనబోయి ఆగాను.
మేయలేదు.
కంచె లావెక్కింది, అంతే.
చేనుకి చోటు చాలలేదు.

చాలాసేపు కన్ను తీయలేదు అతను.
పాత మైక్రోస్కోపు, ఒంటికన్నుది;
రెండో కంటికి అరచేయి అడ్డం పెట్టుకున్నాడు.
"గట్టి పని" అన్నాడు చివరికి.
"ఎక్కడా సందు లేదు. తాపీ పట్టడం తెలిసిన చెయ్యి."
కాసేపాగి, "ఆ గుడ్డు బతికుందా?"
లేదు. ఎప్పుడో చచ్చింది. పెంకే.
"మరి పని ఆపమని ఎవరూ చెప్పలేదా వాళ్లకి?"

ఆపమని చెప్పే కణాలూ ఉంటాయని,
వాటి మాట ఎందుకు చెల్లలేదో
పై అంతస్తులో ఇంకా వెతుకుతున్నారని అనొచ్చు.
నేను ముక్కలు కోసేవాణ్ణి.
పైగా అదే కాలవ నాది కూడా.
నేను మూడో తరగతిలో ఉండగా
వరసలో నిలబెట్టి చేదు మాత్రలు మింగించారు.
ఆమె అప్పటికే చెరకు కోతకి పోతూ ఉండాలి.
ఇది కూడా అతనికి చెప్పలేదు.

వీధి చివర సగం గోడ ఉందన్నాడు,
మాలు కలిపి వచ్చానన్నాడు, బిగుసుకుపోతుందన్నాడు.
మెట్ల మీద రెండుసార్లు ఆగిన చప్పుడు.

సాయంత్రం మైక్రోస్కోపు తుడవబోతే
ఫోకస్ మర మీద బూడిదరంగు దుమ్ము,
వేలి గీతలతో సహా.
గుడ్డ తడిపాను.
సిమెంటుకి తడి తగిలితే ఏమవుతుందో గుర్తొచ్చి
పొడిగుడ్డ కోసం
అరలన్నీ వెతికాను.